బొట్టు మీద కొట్టు

ఆ రోజుల్లో కంప్యూటర్లో ఒక పని మొదలుపెట్టడానికి ఒకటే దారి ఉండేది. ఆ దారి తెలిసినవాడికి ఊళ్ళో కొంచెం గౌరవం కూడా ఉండేది. ఇప్పుడు చూడండి. ఒకడు వేలితో తోస్తాడు, ఒకడు ముఖం చూపిస్తాడు, ఇంకొకడు నోటితో అడుగుతాడు. మా ఆవిడ తన ఫోనుతో మాట్లాడేంత మర్యాదగా నాతో ఏనాడూ మాట్లాడలేదు ('దయచేసి' అనే మాట ఆమెకు వచ్చని పెళ్ళైన ఇన్నాళ్ళకు ఆ ఫోను వల్లే తెలిసింది). ఎక్కడో కూర్చున్న ఎవరో మహానుభావుడు, మనం నిద్రపోతున్నప్పుడు, నిన్నటిదాకా ఎడమ వైపున్న గుమ్మాన్ని కుడి వైపుకు మార్చేస్తాడు. మనం పొద్దున్నే లేచి అలవాటు చొప్పున నడిచి గోడకు తల కొట్టుకుంటాం. ఇప్పుడైతే నా తల ఆ దెబ్బలకు బాగా గట్టిపడింది గానీ, మొదటి దెబ్బ తగిలిన రోజు మాత్రం నాతోపాటు మా మామ, మా అత్త, ఒక ట్రాక్టరు వడ్లు కూడా ఆ గోడ ముందే నిలబడి ఉన్నాయి.

కొడవలూరు దాటాక హైవే పక్కన మా మామకు ఒక కాటా ఉండేది. కాటా అంటే కూరగాయల తక్కెడ కాదు. ట్రాక్టరో లారీయో ఎక్కి నిలబడితే సరుకుతో సహా తూచే పెద్ద ఇనప పలక. పలక పక్కన గది, గదిలో కంప్యూటరు, కంప్యూటరు ముందు నేను. మామ అంటే మా అమ్మకు సొంత అన్న. చదువు అబ్బని మేనల్లుణ్ణి చూస్తూ చూస్తూ వీధిలో వదలలేక తెచ్చి అక్కడ కూర్చోబెట్టాడు. నేను పదో తరగతి పరీక్ష రాయడానికి బయల్దేరి, దారిలో మనసు మార్చుకుని, సముద్రం ఒడ్డుకు పోయి పీతలు పట్టుకున్నవాణ్ణి. ఆ ఘనకార్యానికి మెచ్చి ఊరు నాకు 'టెన్తు' అని బిరుదిచ్చింది. పాసైన వాళ్ళెవరికీ దక్కని బిరుదు, తప్పినవాడికి దక్కింది. "చదువు రానోడి చేతికి కంప్యూటరు ఎట్ట ఇచ్చినావబ్బా?" అని ఎవరో అడిగితే మామ, "వాడికి నోరుండాది, దానికి బుర్రుండాది. రెండూ కలిస్తే ఒక మనిషి లెక్కొస్తాదిలే" అన్నాడు. దాన్ని నేను పొగడ్తగానే తీసుకున్నాను.

నాకు వచ్చిన పని చాలా చిన్నది. మీట నొక్కితే తెర వెలుగుతుంది. తెర మీద బోలెడు చిన్న చిన్న బొమ్మలుంటాయి. అందులో కాటా ప్రోగ్రాం బొమ్మ మీదికి బాణాన్ని తీసుకుపోయి ఎలుకతో టకటకమని రెండుసార్లు కొడితే అది తెరుచుకుంటుంది. తెరుచుకున్నాక పైన మా కాటా పేరు, కింద బండి బరువు. ఆ ప్రోగ్రాంకు సొంత పేరేమిటో నేను అడగలేదు, అది చెప్పలేదు.

ఇంతలో ఒక దసరా వచ్చింది. ఆయుధ పూజ నాడు అత్త పళ్ళెంలో గంధం, కుంకుమ, కర్పూరం పెట్టుకుని వచ్చింది. మా అత్తకు పూజలో ఒక పద్ధతి ఉంది. ఏ వస్తువుకైనా పనిచేసే చోటే బొట్టు పెట్టాలంటుంది. కత్తెరకు పిడి మీద కాదు, అంచు మీద. ఫ్యానుకు రెక్క మీద కాదు, స్విచ్చి మీద. కంప్యూటరు ముందుకొచ్చి ఒక నిమిషం దాన్ని పైనుంచి కిందిదాకా పరిశీలించింది.

"టెన్తూ, దీంట్లో పనిచేసేది యాడుండాది నాయనా?"

"ఇదిగో అత్తా, ఈ బొమ్మ. దీని మీద కొడితేనే అన్నీ తెరుచుకుంటాయి."

అంతే. తడి గంధం అద్ది, దాని మీద కుంకుమ పెట్టి, అద్దపు తెర మీద సరిగ్గా ఆ బొమ్మ నెత్తినే బొటనవేలంత బొట్టు పెట్టేసింది. మర్నాడు నేను తడిగుడ్డ తీసుకుని తుడవబోతుంటే అత్త గుమ్మంలోంచే కేకేసింది.

"ఒరే! బొట్టు తుడస్తావా? మీ మామ బతికుండగానే?"

బయట కుర్చీలో వక్క నములుతున్న మామ ఉలిక్కిపడి లేచి నిలబడి, "నేను బాగానే ఉండానురా, గుడ్డ కింద పెట్టు" అన్నాడు. గుడ్డ కింద పెట్టాను. ఆ తరువాత ఎప్పుడూ పైకెత్తలేదు.

ఇబ్బందేమీ రాలేదు, పైగా సులువైంది. ఇన్ని బొమ్మల్లో ఏదని వెతకనక్కర్లేదు. బాణాన్ని తోసుకుంటూ పోతే అది బొట్టు కిందికి దూరి కనపడకుండా పోతుంది. కనపడకుండా పోతే గురి కుదిరినట్టు. నేను అన్నానికి పోయినప్పుడు బండి వస్తే, చెయ్యి కడుక్కోకుండానే ఇంటి అరుగు మీంచి అరిచేవాణ్ణి, "మామా! బొట్టు మీద కొట్టు! రెండు దెబ్బలు, బిరీన!" మామ మొదటి దెబ్బ కొట్టి, ఆలోచించి, రెండో దెబ్బ కొట్టేవాడు (కొత్తల్లుడు అత్తగారింటి తలుపు తట్టినట్టు). ఎన్నోసారికో తెరుచుకునేది. ఏటా దసరాకు అత్త అదే చోట బొట్టును తాజా చేసేది. ఏళ్ళు గడిచాయి. బొట్టు కింద ఏ బొమ్మ ఉందో మామ మరిచిపోయాడు, అత్త మరిచిపోయింది, ఇంత నోరున్న నేనూ మరిచిపోయాను.

ఇలా సుఖంగా ఉంటుండగా కంప్యూటరు డబ్బా ముసలిదైపోయి, మధ్యమధ్యలో ఎగశ్వాస పీల్చడం మొదలుపెట్టింది. నెల్లూరు నుంచి సాఫ్ట్‌వేరు సారు తన మనిషి చేత కొత్త డబ్బా పంపించాడు. తెర బాగానే ఉంది గదా, దాన్నెందుకు పారేయాలని మామ డబ్బా ఒక్కటే మార్పించాడు. బొట్టుతో సహా తెర పాతదే, లోపలి సరుకంతా కొత్తది. వచ్చిన మనిషి సాయంత్రం దాకా ఏవేవో వైర్లు పెట్టి, మామకు ఒకసారి తెరిచి చూపించి, "అంతా మునుపటి మాదిరే సార్" అని చెప్పి నెల్లూరు బస్సెక్కేశాడు. నేను ఆ సమయానికి టీ తేవడానికి పోయి, టీ అంగడి దగ్గర నలుగురికి కబుర్లు చెబుతున్నాను. "చూసినావా మామా?" అని అడిగితే, "చూసినా. తెరుచుకున్నాది" అన్నాడు. ఏది కొడితే తెరుచుకుందో ఆయన చూడలేదు, నేను అడగలేదు.

మర్నాడు పొద్దున మొదటి బండి తువ్వాలక్కది. మాకు చుట్టం కాదు గానీ ఊరంతా ఆమెను అక్కా అనే పిలుస్తుంది. ఎండైనా వానైనా తల మీద తువ్వాలు తీయదు గనక తువ్వాలక్క. మగదిక్కు లేకపోయినా మడి వదలకుండా తనే దున్నించి, తనే నీళ్ళు కట్టి పండించుకునే మనిషి. ఆ ఏడు కోతలు అవుతున్నప్పుడే సముద్రం వైపు నుంచి మబ్బులు రావడం మొదలైంది. ఎండబెట్టిన వడ్లను బస్తాలకెత్తించి ఉరుకులు పరుగులతో తెచ్చింది. రోడ్డుకు అవతల ఎదురుగానే మిల్లు. దాని రేకుల షెడ్డు కిందికి చేరితే వడ్లు బతికినట్టు. తడిస్తే మాత్రం మిల్లు వాళ్ళు బస్తాలో చెయ్యి పెట్టి చూసి, తల అడ్డంగా తిప్పి పంపించేస్తారు. తడిసిన వడ్లు మొలకలెత్తుతాయి. ఆమె ఏడాది కష్టమంతా ఆ ట్రాలీలోనే ఉంది. కానీ కాటా చీటీ లేకుండా మిల్లు గేటు తెరవరు. అది కూడా కంప్యూటరు అచ్చు వేసిన చీటీ అయితేనే. చేత్తో రాసిన చీటీల మీద తగాదాలయ్యాక వాళ్ళు పెట్టుకున్న కట్టుబాటది.

"బిరీన కానియ్యి అబ్బయా, మబ్బు చూడు ఎట్ట దిగతాందో" అని అక్క కిటికీ దగ్గర నిలబడింది.

నేను దర్జాగా మీట నొక్కాను. తెర వెలిగింది. ఎప్పుడూ వచ్చే తెర కాదు. సంతలో దుప్పట్లు పరిచినట్టు తెర నిండా ఎర్రవి, పచ్చవి, నీలంవి చదరపు పలకలు. మూలన ఉండాల్సిన స్టార్ట్ బటను లేదు. చిన్న బొమ్మలు లేవు. బొట్టు మాత్రం ఉన్న చోటే ఉంది. అమ్మయ్య అనుకుని బాణాన్ని దాని కిందికి దూర్చి టకటకమని కొట్టాను.

తెర మీద పెద్ద సూర్యుడు ఉదయించాడు. కింద ఏదో దేశంలో ఏదో ఊరి పేరు. అక్కడ ఎండ బ్రహ్మాండంగా కాస్తోందట.

"ఇదేందిరా?" అన్నాడు మామ.

"వాతావరణం మామా."

"మన వాతావరణం బయట నెత్తి మీదే ఉండాది గదరా! కాటా తెరువు."

మూసి మళ్ళీ కొట్టాను. మళ్ళీ సూర్యుడే. బయట ఉరిమింది. లోపల సూర్యుడు నవ్వుతున్నాడు. అత్త వచ్చి తొంగి చూసి, "బొట్టు మీదే కొడతాండావా?" అంది. "బొట్టు మీదే అత్తా." "సరిగ్గా నడిమధ్యలో కొట్టు. బొట్టు తప్పు చెప్పదు." నడిమధ్యలో కొట్టాను. సూర్యుడు.

ఇక లాభం లేదని ఒక్కో పలకే నొక్కడం మొదలుపెట్టాను. ఒకటి నొక్కితే పటం వచ్చింది, ఒకటి నొక్కితే పాటలు, ఒకటి నొక్కితే పేకముక్కలు (మామ కళ్ళు ఒక్క క్షణం మెరిశాయి, అత్త చూపుతో ఆరిపోయాయి). ఈలోపు గాలి లేచింది. వడ్ల మీద కప్పడానికి అక్క దగ్గరున్న పట్ట చిరిగిపోయింది, ట్రాక్టరు డ్రైవరు దగ్గర పట్టే లేదు. మామ పరిగెత్తి, గది వెనక చుట్టి పెట్టిన ఫ్లెక్సీని లాక్కొచ్చాడు. కాటా తెరిచిన రోజున కట్టిన ఫ్లెక్సీ అది. చేతులు జోడించి నవ్వుతున్న మామ, నిలువెత్తు. దాన్ని ట్రాలీ మీద పరుస్తూ డ్రైవరుతో "నా మొహం పైకుండాలబ్బా" అంటున్నాడు. నేను ఆ గాభరాలో ఇంకో పలక నొక్కితే అది కెమెరా అయింది. కాటా మీద బండిని ఫొటో తీసే కెమెరాలో ఇప్పుడు సాక్షాత్తూ మామే, తెర నిండా. అత్త పెట్టిన బొట్టు సరిగ్గా ఆయన ముక్కు కొస మీద. మామ అటూ ఇటూ కదిలేకొద్దీ బొట్టు ఒకసారి చెంప మీద, ఒకసారి చెవిలో, మళ్ళీ ముక్కు మీద. అత్త కొంగు నోట్లో కుక్కుకుంది. "ఇంత తొందరలో నవ్వకూడదు గానీ టెన్తూ, ఈయన ఇంత కళగా నాకెప్పుడూ కనపళ్ళేదురా" అంది.

సాఫ్ట్‌వేరు సారుకు ఫోను చేశాను. ఎత్తాడు. వెనక నాదస్వరం. నెల్లూరులో చుట్టాల పెళ్ళిలో ఉన్నాడు.

"సార్, కాటా నుంచి టెన్తును. ప్రోగ్రాం కనపళ్ళేదు సార్."

"ఏ ప్రోగ్రాం? పేరేంది?"

"పేరు తెలీదు సార్."

"సరే, దాని బొమ్మ ఎట్టుంటాది?"

నేను తెరవైపు చూసి, ఉన్నది ఉన్నట్టు చెప్పాను. "ఎర్రగా, గుండ్రంగా ఉంటాది సార్. చుట్టూ గంధం రంగు. కింద కొంచెం కారినట్టుంటాది."

అటువైపు నాదస్వరం కూడా ఒక్క క్షణం ఆగినట్టనిపించింది. "కారినట్టా?"

"పోయిన దసరాకు తడి ఎక్కువైంది సార్."

"ఏమయ్యా, నా సర్వీసులో కారే బొమ్మ నేనెప్పుడూ పెట్టలేదే!"

అత్త ఫోను లాక్కుంది. "నాయనా, ఆ బొట్టు నేను పెట్టినాను. పెట్టకూడదంటే చెప్పు." సారుకు అప్పుడు అర్థమై పగలబడి నవ్వాడు. నవ్వాపుకుని, "తప్పేం లేదమ్మా. దాని కిందుండే బొమ్మ ఏందో చెప్పండి చాలు" అన్నాడు. అత్త ఫోను మళ్ళీ నా చేతిలో పెట్టేసింది. "తెలీదు సార్" అన్నాను. "నాకూ తెలీదబ్బా. దాన్ని చేసిన పిలగాడు మా దగ్గర మానేసి కృష్ణపట్నం పోర్టులో చేరిపోయినాడు. సరే విను. ఆ పలకల్లో డెస్క్‌టాప్ అని ఒకటుంటాది. దాన్ని నొక్కితే నీ పాత తెర వస్తాది. దాంట్లో ఒక్కొక్కటే..." ఇంతలో గట్టిమేళం మొదలైంది. మిగతా మాటలన్నీ డోలు కింద పడి నలిగిపోయాయి. అవతల ఎవరి మెడలోనో తాళి పడింది, ఇక్కడ నా మెడ మీద కత్తి వేలాడుతోంది.

అయినా చాలు. ఆ పలక వెతికి నొక్కాను. పాత తెర లాంటిదే వచ్చింది, చిన్న బొమ్మలూ వచ్చాయి. బొట్టు కింద మాత్రం ఏమీ లేదు, బోడి తెర. బొమ్మలన్నీ వేరే వరసలో నిలబడి ఉన్నాయి. చెత్తబుట్ట, సంచి, ఉత్తరం కవరు, భూగోళం, ఒక బాతు. చెత్తబుట్ట కాదని చెత్తబుట్టే చెప్పింది. సంచి తెరిస్తే ఇంకో సంచి. కవరు తెరిస్తే ఏదో సంతకం అడిగింది. భూగోళం తిరుగుతూనే ఉంది. మళ్ళీ మొదటి నుంచి నొక్కుకుంటూ వచ్చాను. తొలి చినుకులు రేకుల మీద పడ్డాయి.

కిటికీ ఊచలు పట్టుకుని ఇంతసేపూ చూస్తున్న తువ్వాలక్క అంది, "ఆ బాతు మీద కొట్టు అబ్బయా."

"అది పిలకాయల ఆట అక్కా."

"అన్నిట్నీ రెండేసి మాట్లు కొట్టినావు. అదేం పాపం చేసిందని వదిలిపెట్టినావు?"

"బాతుకూ కాటాకూ ఏం సంబంధం అక్కా? తెలిసినోణ్ణి చెప్తాండా గదా!"

"నీకు తెలిసింది నేను పొద్దుట్నుంచీ చూస్తానే ఉండాను" అంది అక్క. గొంతు పెద్దది చేయలేదు. తువ్వాలు కొస మాత్రం వేళ్ళకు చుట్టి గట్టిగా లాగుతోంది. "నా వడ్లు తడస్తాండాయి టెన్తూ. ఆటైతే ఆటే అవతాది. కొట్టు."

కొట్టాను. పైన మా కాటా పేరు వచ్చింది. కింద అక్క బండి బరువు వచ్చింది. అచ్చు యంత్రం కిర్రుమంది. ఆ చప్పుడంత తియ్యటి చప్పుడు నేను ఇంతవరకూ వినలేదు.

"బాతుకా?" అంది అత్త, బుగ్గ మీద చెయ్యి పెట్టుకుని. "ఇన్నేళ్ళూ నేను హారతిచ్చింది బాతుకా?"

"హంసకు దగ్గర చుట్టమే గదే, సర్దుకో" అన్నాడు తడిసి వచ్చిన మామ.

చీటీ చొక్కాలో దాచుకుని నేనూ ట్రాలీ వెనక పరిగెత్తాను. గాలికి ఫ్లెక్సీ ఒక మూల లేచిపోతుంటే దాన్ని పట్టుకుని వేలాడాను. వాన అప్పుడందుకుంది, అలా ఇలా కాదు. హైవే మీద ఆగిన లారీల వాళ్ళు చూస్తుండగా, ఆకాశానికి చేతులు జోడించి నవ్వుతూ మామ ముఖం, దాని కింద వడ్లు, దాని వెనక జెండాకు కట్టిన తాడులా నేను, మిల్లు గేటు దాటి రేకుల షెడ్డు కిందికి చేరాం. మిల్లు మనిషి బస్తాలో మోచేతి దాకా చెయ్యి పెట్టాడు. అక్క ఆ చేతి వైపే మెడ చాచింది. నేను కూడా. అతను గుప్పెడు వడ్లు తీసి అరచేతిలో నలిపి, ఊది, "పొడిగానే ఉండాయి. దించండి" అన్నాడు. అక్క ఎప్పుడూ తీయని తువ్వాలు తీసి, నా చేతికివ్వకుండా తనే నా తల పరపరా తుడిచేసింది. చెవులు ఊడొస్తాయేమోనన్నంత గట్టిగా. నోటితో మాత్రం, "ఇంకోసారి నాకు తెలుసు అన్నావంటే చెప్తా నీ పని" అంది.

ఆ సాయంత్రం సారు పెళ్ళి భోజనం ముగించుకుని ఫోను చేసి, ఆ ప్రోగ్రాం చేసిన పిలగాడి వాళ్ళది కోతలయ్యాక మళ్ళలో బాతుల మంద మేపుకునే ఇల్లని, దేనికైనా సరే బాతు బొమ్మే పెట్టేవాడని చెప్పాడు. బొట్టు తుడిచేసి కొత్త చోట పెట్టుకోమని సలహా కూడా ఇచ్చాడు. అత్త ముఖం చూసి ఆ సలహా నేను బయటికి చెప్పలేదు. బాతునే పట్టుకుని ఈడ్చుకొచ్చి బొట్టు కింద కూర్చోబెట్టాను. లోకమంతా కొత్త పద్ధతికి అలవాటు పడుతుంటే, మా కాటాలో కొత్త పద్ధతే వచ్చి అత్తకు అలవాటు పడింది.

తరవాత ఆ పలకలూ పోయాయి, పోయిన బటను తిరిగొచ్చింది, మూలన ఉన్నది మధ్యకు జరిగింది. ఆ పాత తెరనూ మార్చేశాం. ఇప్పుడు కాటా నేను చూసుకుంటున్నాను. పలకలైనా బొమ్మలైనా నాకిప్పుడు భయం లేదు, కళ్ళజోడు చేతికందేంత దూరంలో ఉంటే చాలు.

మొన్న కోతలప్పుడు తువ్వాలక్క వచ్చింది. నడుము కొంచెం వంగింది గానీ వడ్ల వెంట ఎవర్నో పంపే రకం కాదు. బండి తూచడం అయ్యాక కూడా వెళ్ళకుండా, కొంగులోంచి ఫోను తీసి నా పక్కన బల్ల మీద కూర్చుంది.

"దీంట్లో నా మనవరాలు మాట్లాడి పంపించేది ఒకటుండేది అబ్బయా. మొన్న రాత్రి ఫోను దానంతటదే మారిపోయినాది. యాడికి పోయిందో కనపళ్ళేదు. మూడు పూట్లైంది పిల్ల గొంతు విని."

ఆ రోజుల్లో టెన్తు అయితే ఫోను లాక్కుని పటపటా నాలుగు నొక్కి, నాలుగు జోకులేసి, 'ఇంతేనా అక్కా' అనేవాడు. ఇప్పటి నేను కళ్ళజోడు తుడుచుకుని పెట్టుకున్నాను. ఆమె ఫోను నా ఫోను లాంటిది కాదు, నాకూ ఏమీ అర్థం కాలేదు. ఆ మాటే చెప్పాను.

"తెలీదక్కా. వెతుకుదాం."

అక్క నావైపు వింతగా చూసి నవ్వింది. "తెలీదనడం ఎప్పుడు నేర్చుకున్నావురా?" అని కొంచెం దగ్గరికి జరిగింది. ఆకాశం తేటగా ఉంది, తొందరేం లేదు. ఇద్దరం తలలు ఆనించి, ఒక్కో బొమ్మే నొక్కుకుంటూ, ఇది కాదు, ఇదీ కాదు అనుకుంటూ కూర్చున్నాం. కాటా మీద ట్రాక్టరు డ్రైవరు విసుగొచ్చి హారను కొట్టాడు. అక్క తలెత్తకుండానే అరిచింది.

"ఉండబ్బా! ఇద్దరం వెతకతా ఉండాం గదా!"